మట్టి మోసిన కొయ్య: పెనుకొండ సీమ మిద్దెల చరిత్ర

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలున్న ప్రాంతం 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాలను లెక్కించినప్పుడల్లా దాని పేరు ముందువరసలోనే వినిపిస్తుంది. సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున్న హిందూపురంలో వేసవి రాత్రులు కొంత చల్లబడతాయి. 350 మీటర్లకు అటూ ఇటూగా ఉన్న ధర్మవరంలో ఆ వెసులుబాటు తక్కువ. ఎత్తుల్లో తేడా ఉన్నా, ఈ మూడు ఊళ్లలో పాతకాలపు గృహనిర్మాణం ఒకే సూత్రం మీద నడిచింది. గోడ కంటే ముందు కప్పును ఆలోచించి, ఆ కప్పు మోయవలసిన బరువును బట్టి కలపను ఎంచుకొని, ఆ కలప దొరికే పొడవును బట్టి గది వెడల్పును నిర్ణయించడం ఇక్కడి పద్ధతి.

యంత్రాల సాయం లేకుండా, కట్టిన దిక్కు, గోడ మందం, కప్పు తీరు, కిటికీల అమరిక ద్వారానే ఎండను వాడుకునే, లేదా తప్పించుకునే ఇంటిని నేటి వాస్తుశిల్పులు నిష్క్రియ సౌర గృహం అంటున్నారు. ఈ ఆలోచన రూపుదిద్దుకొన్నది ఎక్కువగా చలి దేశాల్లో. చలికాలపు ఎండ లోపలికి వచ్చేలా ఇంటిని దక్షిణానికి తెరిచి ఉంచాలన్న వాదనను గ్రీకు రచయిత జెనోఫోన్ సోక్రటీసు నోట పలికించాడు. 1960లలో ఫ్రాన్సులో ఫెలిక్స్ ట్రాంబ్ దక్షిణపు గోడకు నల్లరంగు వేసి, దాని ముందు అద్దం నిలిపి, పగటి వేడిని రాత్రికి దాచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1970లలో చమురు ధరలు పెరిగాక ఐరోపాలో, అమెరికాలో ఇటువంటి ఇళ్లు, ముఖ్యంగా తేలికపాటి కొయ్య చట్రంతో కట్టినవి, విరివిగా వచ్చాయి. ఆ నమూనాను ఉన్నది ఉన్నట్టుగా పెనుకొండకు తెస్తే ఏప్రిల్ నెలలో అందులో ఎవరూ ఉండలేరు.

దానికి కారణం సూర్యగమనంలోనే ఉంది. ఈ ప్రాంతం 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉండడం వల్ల ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరొకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు; ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది; డిసెంబరు మూడో వారంలో కూడా సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తుకు తగ్గడు. వేసవి మధ్యాహ్నం దక్షిణపు గోడకు తగిలే ఎండ దాదాపు లేనట్టే. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కొంత కాగుతాయి. పగలంతా కాగేది మాత్రం కప్పే. కప్పును గెలిచిన ఇల్లు ఇక్కడ వేసవిని గెలిచినట్టే లెక్క. ఊరి ఇళ్లు పక్కగోడలు కలుపుకొని వరుసగా ఉండడంతో ఎండ తగిలే గోడల సంఖ్య ఎలాగూ తగ్గిపోయేది. ఇక మిగిలింది మిద్దె.

కోస్తాలో మిద్దె అంటే మేడ అన్న అర్థం స్ఫురిస్తుంది గాని, రాయలసీమలో అది చదునైన మట్టికప్పు వేసిన ఇంటికి పేరు. వాలుకప్పు వేసి బోదగడ్డి కప్పినది కొట్టం. గోదావరి, కృష్ణా జిల్లాల వానలకు చదును మట్టికప్పు ఒక్క ఏడాది కూడా నిలవదు కాబట్టి అక్కడ తాటాకుతోనో పెంకుతోనో వాలుకప్పు వేశారు. సీమలో వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడం వల్ల నీటిని జారవిడవడం కంటే వేడిని ఆపడం ముఖ్యమై, బరువైన మట్టికప్పు సాధ్యమూ అయింది, అవసరమూ అయింది. వానల ఆధారంగా చూస్తే మిద్దెకూ పెంకుటింటికీ మధ్య సరిహద్దు గీయడం పెద్ద కష్టం కాదు. ఆ గీతను చిక్కుపరిచేవి కులం, సంపద. ఒకే ఊళ్లో రెడ్డికి, కరణానికి మిద్దె, కూలీకి కొట్టం ఉండేవి. బోదగడ్డి కూడా వేడిని బాగానే ఆపుతుంది. అయితే నిప్పురవ్వకు అది నిలవదు, ఏటేటా గడ్డి మార్చక తప్పదు.

మిద్దె నిర్మాణంలో మొదటి వరస కంబాలది. భూమిలో పాతితే చెదలు పడతాయి కనుక చెక్కిన రాతి దిమ్మె మీద కంబాన్ని నిలిపి, దాని నెత్తిన అడ్డంగా బోదెకట్టె పెట్టి, ఆపై దూలాన్ని ఎక్కించేవారు. దూలాల మీద మూరెడు దూరానికి ఒకటి చొప్పున దంతెలు, అంటే సన్నని అడ్డకర్రలు, పరిచి, వాటిపై చీల్చిన కట్టెలు సందు లేకుండా పేర్చేవారు. వాటి మీద కానుగ, బందారు, వేప వంటి చెట్ల ఆకు, రెమ్మలు మందంగా వేసేవారు. చేదుగా, ఘాటుగా ఉండే ఈ ఆకు పురుగును దూరం పెడుతుంది, పైనున్న మన్ను రాలకుండా పట్టి ఉంచుతుంది. ఆకు మీద తడిమట్టి, దాని మీద పొడిమట్టి దిమ్మిస చేసి, చిట్టచివర చవుడు పరిచేవారు. మొత్తం మందం జానెడు పైబడి ఒక అడుగు దాకా ఉండేది. మట్టి బరువు ఘనమీటరుకు 1600 కిలోలని తీసుకుంటే, అడుగు మందం కప్పు చదరపు మీటరుకు 480 కిలోల దాకా తూగుతుంది. వానకు నానినప్పుడు ఇంకా ఎక్కువ. దంతెలు అంత దగ్గరగా ఉండడానికీ, గదుల వెడల్పు ఎనిమిది, పది అడుగులకు మించకపోవడానికీ ఈ బరువే కారణం. గది పెద్దది కావాలంటే మధ్యలో మరో వరస కంబాలు నిలపవలసిందే. పడసాలలో కనిపించే కంబాల వరసలు అలంకారం కోసం వచ్చినవి కావు.

చవుడు సంగతి కొంత వివరంగా చెప్పుకోదగ్గది. అది ఉప్పు, సోడియం లవణాలు చేరిన పనికిరాని నేల. పంటకు ఎంత చెడ్డదో మిద్దెకు అంత మంచిది. సోడియం ఎక్కువగా ఉన్న బంకమన్ను తడవగానే దాని సూక్ష్మరేణువులు విడిపోయి, ఉబ్బి, మట్టిలోని సన్నని రంధ్రాలను మూసేస్తాయి. దాంతో మొదటి వానకే పైపొర బిగుసుకొని, నీరు లోపలికి ఇంకకుండా గోడ అంచున ఉన్న దోనె గుండా బయటికి పోతుంది. ఎండాకాలంలో అదే పొర పగుళ్లు విచ్చుతుంది కనుక, తొలకరికి ముందు ఏటా కొత్త చవుడు మోసి పరచడం ఇంటి పనుల్లో ఒకటిగా ఉండేది. ఈ సీమలో ఉప్పరులు ఇటువంటి నేల నుంచే ఉప్పు తీసేవారు. ఉప్పు పన్నుకు గండి పడుతుందని వలస ప్రభుత్వం 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆ పరిశ్రమను అణచివేసింది. మిద్దె మీది చవుడుకు మాత్రం పన్ను వేయాలని ఎవరికీ తోచినట్టు లేదు.

ఇటువంటి కప్పు, దాని కింద అడుగున్నర నుంచి రెండడుగుల మందం రాతిగోడ లేదా మట్టిగోడ, వేడిని పూర్తిగా ఆపవు, ఆలస్యం చేస్తాయి. అడుగు మందం మట్టి గుండా వేడి ఇవతలి వైపుకు చేరడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది కనుక, మధ్యాహ్నం రెండు గంటల ఎండ లోపలికి దిగేసరికి అర్ధరాత్రి అవుతుంది. అప్పటికి బయటి గాలి చల్లబడి ఉంటుంది, ఇంటివాళ్లు మిద్దె మీద పడుకొని ఉంటారు. తేమ లేని తేటాకాశం కిందికి మట్టికప్పు తన వేడిని త్వరగా వదిలేస్తుంది. పగలు ఇంట్లో, రాత్రి ఇంటి మీద గడపడమన్నది ఇంటి నిర్మాణంలో విడదీయరాని భాగం. ఆ అలవాటును పక్కనబెట్టి మిద్దె చల్లదనాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

కలపకు కూడా ఇందులో పాత్ర ఉంది గాని, అది సాధారణంగా అనుకొనేటంతటిది కాదు. కొయ్య గుండా వేడి ప్రసరణ కాంక్రీటులో కంటే సుమారు పదో వంతు. తాకితే చల్లగా గాని వేడిగా గాని అనిపించదు. అయితే వేడిని నిలవచేసే బరువు దానికి లేదు. ఒట్టి పలకలతో కట్టిన ఇల్లు ఈ సీమలో ఎండ ఎక్కగానే వేడెక్కుతుంది. ఇక్కడి వడ్రంగి కొయ్యను ఎముకగా, మట్టిని కండగా వాడాడు. వేప, తుమ్మ, సండ్ర వంటి స్థానిక కలపతో పాటు ఏపి అనే చెట్టు ఈ ప్రాంతపు ప్రత్యేకత. బండరాళ్ల గుట్టల మీద, పలచని నేలలో పెరిగే ఈ చెట్టు కొయ్య మన దేశపు అత్యంత బరువైన, గట్టి కలపల్లో ఒకటి. చెదలు దాని చేవను సులభంగా తినలేవు, ఉలి కూడా దానికి సులభంగా లొంగదు. అందుకే కంబానికి, దూలానికి ఏపి, దంతెలకు వేప, చెక్కడపు పని ఉన్న తలుపుకు, ద్వారబంధానికి కొనగలిగినవారు టేకు వాడేవారు.

కలపతో కట్టిన పెద్ద నిర్మాణాలకు ఈ సీమలో రాచరికపు చరిత్ర కూడా ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, 1354 నాటి శాసనం ప్రకారం, పెనుకొండ ఆయన కుమారుడు విరుపణ్ణ ఏలుబడిలో ఉండేది. విజయనగరం ఓడిపోయిన 1565 యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని హంపీ నుంచి ఇక్కడికే మార్చాడు. ఆ శతాబ్ది చివరి దశాబ్దంలో అది చంద్రగిరికి తరలిపోయింది. హంపీలో రాజప్రాసాదాల స్థానంలో నేడు రాతి అధిష్ఠానాలు మాత్రమే కనిపిస్తాయి. సభామంటపం అని పిలిచే వేదిక మీద నూరు స్తంభాల గుంటలు మిగిలాయి గాని స్తంభాలు లేవు, ఎందుకంటే అవి కొయ్యవి. అక్కడి విఠలాలయం చూరుబండల అడుగున దంతెల్లాంటి పట్టీలను, కొక్కేలను రాతిలో చెక్కారు. కొయ్యపనికి అలవాటుపడిన కళ్లే ఆ శిల్పుల చేత అలా చెక్కించి ఉంటాయి. పెనుకొండలోని గగన్‌మహల్ మరోదారి పట్టింది: రాయి, సున్నంతో కమానులు, గుమ్మటాలు కట్టి, కొయ్య దూలంతో పని లేకుండా కప్పు వేశారు. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, గాలి తిరిగే పైఅంతస్తు ఉన్న ఆ భవనాన్ని వేసవి విడిది అనడంలో ఆశ్చర్యం లేదు. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని 1530 ప్రాంతంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు; దాని మంటపాలది పూర్తిగా రాతి కంబం, రాతి దూలం, రాతి బండ. సామాన్యుడి మిద్దెలోనూ ఉన్నది ఇదే వరస, సరుకే వేరు.

లోపలి అమరికకు వస్తే, వీధి వైపు అరుగు, పంచ, తరువాత పశువులను కట్టే గాటిపాడు, దానికి మెట్టెడు ఎత్తున నట్టిల్లు, చివరన వంటిల్లు ఉండేవి. కలిగినవారి ఇళ్లలో మధ్యన ఆకాశానికి తెరిచిన తొట్టి ఉండేది. హిందూపురం పక్కనే ఉన్న కన్నడ ప్రాంతపు తొట్టి ఇళ్లకు ఇది దగ్గరి బంధువు. కిటికీలు అరుదు. వెలుగు కోసం మిద్దెకు పెట్టిన చదరపు రంధ్రమే గవాక్షి, జనం నోట గవాచి. పొయ్యి మీది పొగ దాని గుండా పైకి పోతుంది. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది కనుక అది పోతూ, తలుపు సందుల నుంచి, పంచ నీడ నుంచి చల్లని గాలిని లోపలికి లాగుతుంది. వాన వచ్చినప్పుడు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దాని మీద బండనో మూకుడునో మూయవలసి వచ్చేది.

ఈ ఇళ్లను ఈమధ్య పొగిడేవారు ఒక విషయం మరచిపోతుంటారు: కిటికీలు లేకపోవడానికి ఎండ ఎంత కారణమో దొంగల భయం, దండుల భయం అంతే కారణం. ఊరికి బురుజు కట్టుకొన్న జనం గోడకు రంధ్రం పెట్టుకోరు. ఆ భయం మిగిల్చిన చీకటి గదుల్లో, పొగలో ఎక్కువ సేపు గడిపింది ఆడవాళ్లు. ఏటా గోడలకు ఎర్రమన్ను, సుద్ద పూసింది, నేల అలికిందీ వాళ్లే. మిద్దె ఆదా చేసిన శక్తిలో కొంత వాళ్ల చేతుల నుంచి వచ్చినదే.

ఇంటి వాతావరణం మనుషుల సుఖానికి మాత్రమే పరిమితం కాలేదనడానికి ఈ సీమలోని రెండు వృత్తులు సాక్ష్యం. ధర్మవరం పట్టుచీర గుంట మగ్గం మీద పుట్టింది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, తొక్కుడు చెక్కల మీద పాదాలు ఆనించి, నేలమట్టాన కూర్చొని నేసే ఈ పద్ధతిలో పడుగు నేలకు జానెడు ఎత్తులోనే సాగుతుంది. గాలి పొడిబారితే పట్టుపోగు పెళుసెక్కి తెగుతుంది. గుంట నుంచి లేచే నేలతేమ, మిద్దె కింది చల్లదనం పోగును మెత్తగా ఉంచుతాయి. అందుకే సాలె ఇంట్లో మంచి గది మగ్గానిదే. మనుషులు మిగిలిన చోట సర్దుకొనేవారు. ఇదే గుంట ముసురు పట్టినప్పుడు శత్రువవుతుంది: ఊట చేరితే మగ్గం రోజుల తరబడి ఆగిపోతుంది.

హిందూపురం వైపు రేషం, అంటే పట్టుపురుగుల పెంపకం, ఇంతకంటే కఠినమైన పరీక్ష పెడుతుంది. రెండో జ్వరం దాకా, అంటే రెండుసార్లు కుబుసం విడిచేదాకా, చాకీ పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, 85 శాతానికి పైబడిన తేమ కావాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ సరిపోతాయి. మేత తినడం, గూడు కట్టడం, గూటి నాణ్యత అన్నీ దీని మీద ఆధారపడతాయి కనుక, పురుగులు గూళ్లు కట్టే తట్టలైన చంద్రికల మీద గూళ్లు రాలేదంటే రైతు ముందుగా చూసేది ఇంటి కప్పునే. మట్టిమిద్దె ఉన్న రైతు తలుపులకు తడిగోనె పట్టాలు కట్టి నెట్టుకొచ్చేవాడు. రేకుల షెడ్డు వేసినవాడు దాని మీద కొబ్బరిమట్టలు పరిచి, నీళ్లు చల్లి అవస్థ పడతాడు. హిందూపురం దగ్గర కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ గాని, పట్టుపరిశ్రమ శాఖ గాని పెంపక గృహాల గురించి చెప్పే సలహాల్లో మందమైన గోడ, నీడ, చుట్టూ వరండా వంటివి మళ్లీ మళ్లీ వస్తాయి. పంచ ఉన్న మిద్దెను చూసినవారికి అందులో కొత్త ఏమీ కనిపించదు.

మిద్దె పోవడానికి సాధారణంగా చెప్పే కారణం సిమెంటు. కాలక్రమం చూస్తే ముందుగా పోయింది కలప. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడిందీ అదే ఏడాది. చట్టం కింద కొండలు రిజర్వు అడవులయ్యాయి, దూలం కొట్టుకోవడానికి అనుమతి కావలసి వచ్చింది. దక్షిణాది రైళ్లు అప్పటికి కట్టెలే కాల్చేవి. అడవులను కాపాడాలన్న ప్రభుత్వ ఆత్రుతకు రైలు పొయ్యి ఆకలి ఒక ముఖ్య కారణం. 1890ల తొలి ఏళ్లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు రైలుదారి పడ్డాక, దూరపు సరుకులు ఊళ్లోకి వచ్చాయి. మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో ప్రారంభించిన పెంకుల పరిశ్రమ పద్ధతిలో తయారైన పెంకులు, సీమలో బెంగళూరు పెంకులుగా పేరుపడి, సన్నని వాసాల మీదే నిలిచాయి. కలప ఖర్చు తగ్గింది. మధ్యాహ్నపు వేడి లోపలికి వచ్చింది.

హిందూపురం బెల్లం, చింతపండు, మిరప మార్కెట్టుగా ఎదిగినప్పుడు చేతిలో డబ్బున్నవారికి మరో దారి దొరికింది. మద్రాసు టెర్రస్ అని పేరొందిన ఆ కప్పులో టేకు దంతెల మీద సన్నని ఇటుకలను సున్నంలో నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు గచ్చు దిమ్మిస చేస్తారు; కరక్కాయ, బెల్లపు నీళ్లు ఆ సున్నాన్ని బిగిస్తాయి. మట్టిమిద్దె సూత్రాన్ని వదలకుండా ఏటేటా చవుడు మోసే బాధను తప్పించిన ఏకైక మార్పు ఇదే. రాయి సమృద్ధిగా దొరికే పెనుకొండ, హిందూపురం పల్లెల్లో దంతెలకు బదులు చీల్చిన రాతిబండలు, కంబాలకు బదులు రాతి కూసాలు వచ్చాయి. బండ మీద మట్టి వేసినంతకాలం ఇల్లు చల్లగానే ఉండేది. వేయని చోట బండ పొద్దుగూకాక కూడా మాడేది.

ఆపై వచ్చిన కాంక్రీటు కప్పు మందం నాలుగైదు అంగుళాలు. దాని గుండా వేడి దిగడానికి మూడు గంటలు చాలు. మధ్యాహ్నం మొదలైన ఆ ప్రవాహం కుటుంబమంతా ఇల్లు చేరే సాయంత్రానికి ఉద్ధృతమవుతుంది. ప్రభుత్వ గృహపథకాలు, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంతో సహా, కొట్టాల్లో అగ్నిభయంతో బతికినవారికి పక్కా ఇల్లు ఇచ్చాయి, అది తక్కువ మేలు కాదు. పక్కా అంటే పలచని స్లాబేనన్న అభిప్రాయం కూడా వాటితోనే పాతుకుపోయింది. వేడి లెక్కలు తెలియక కాదు: మైసూరు సంస్థానంలో 1939 నుంచి వాస్తుశిల్పిగా పనిచేసిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1974లో సహరచయితలతో కలిసి వెలువరించిన ఉష్ణమండల గృహనిర్మాణ గ్రంథంలో కప్పు, నీడ, వేడి ఆలస్యం గురించి లెక్కలతో సహా వివరించాడు. ఆ లెక్కలు వేసిన మనిషి ఉద్యోగం చేసిన బెంగళూరు హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరం. 2018లో కేంద్రం ప్రకటించిన ఎకో నివాస్ సంహిత నివాస భవనాల గోడలు, కప్పుల గుండా దిగే వేడికి పరిమితులు పెట్టింది.

కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కలప వాడకాన్ని నిషేధించి, 2020లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. కొయ్య ఇల్లు కట్టుకోవాలన్న కోరిక మళ్లీ తలెత్తుతున్న ఈ కాలంలో, పెనుకొండ సీమలో దాన్ని ఎంచుకొనేవారికి పాత మిద్దె చెప్పే వరస స్పష్టంగానే ఉంది: కప్పు మీద బరువైన పొర, దాని కింద దగ్గర దగ్గరగా దంతెలు, పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి, తూర్పు పడమటి గోడలు కురచగా ఉన్న గదులు, పడమట పంచ, పైన మూసి తెరిచే గవాక్షి. అడుగు మట్టి మోయగల ఏపి దూలం నేడు బజారులో దొరకదు గనుక, సగం మందం మట్టి కింద బోర్లించిన కుండలు గాని, గుల్ల పెంకులు గాని పేర్చి బరువు తగ్గించడం, పైన తెల్లసున్నం పూయడం, పొలం గట్ల మీద పెరిగిన వేప, తుమ్మ కలపను ఎండబెట్టి, చెదల మందు పట్టించి వాడడం ఆచరణకు దగ్గరగా ఉన్న మార్గాలు. నాలుగు వైపులా అద్దాలు బిగించిన దేవదారు పలకల ఇంటికి మాత్రం ఈ సీమ ఎండలో ఏసీ తప్ప మరో దిక్కు లేదు.